అడ్డగీత డాక్టరు కొన్న దగ్గు మందు

మందుల షాపాయనకు ఈ లోకంలో చాలామంది మీద కోపం ఉంది. ఎదురు షాపు వాడి మీద ఉంది, కరెంటు వాళ్ళ మీద ఉంది, వానాకాలం మీద కూడా ఉంది. కానీ పొద్దున్నే షట్టరు ఎత్తగానే కడుపులో రగిలే అసలు సిసలు కోపం మాత్రం ఒక్కడి మీదే. అడ్డగీత డాక్టరు.

ఆ పేరు పెట్టింది షాపాయనే.

షాపుకు ఆనుకుని ఉన్న ఆరోగ్య కేంద్రంలో అంతకుముందు ఒక పెద్ద డాక్టరు ఉండేవాడు. ఆయన చెయ్యి పెద్దది. తుమ్మితే నాలుగు మందులు, దగ్గితే ఆరు. కాగితం చాలకపోతే వెనక్కి తిప్పి రాసేవాడు. ఆయన రిటైరైన రోజున సొంత మనుషులు ఏడ్చారో లేదో గాని షాపాయన మాత్రం ఏడ్చాడు.

ఆయన కుర్చీలోకి ఈ కుర్రాడు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, నుదుటి మీద పడే జుట్టును పెన్నుతో వెనక్కి తోసుకుంటూ. వచ్చినవాడు ఊరుకున్నాడా? "ఇంట్లో వాడే మందులన్నీ ఒక సంచీలో వేసుకుని రండి" అని అందరికీ చెప్పాడు. సంచీ బల్ల మీద బోర్లిస్తాడు. అందులో ఉన్న ప్రతి మందు పేరూ చీటీ మీద వరసగా రాస్తాడు. రాశాక, అక్కర్లేని మందు మీద స్కేలు పెట్టి గీసినట్టు ఒక అడ్డగీత. పక్కన బుల్లి సంతకం. ఆ చీటీ పట్టుకుని జనం షాపుకొస్తే చూడాలి! పది పేర్లుంటాయి, తొమ్మిదింటి మీద గీతలుంటాయి.

"రాయకుండా ఊరుకోవచ్చుగా? రాసి మరీ కొట్టెయ్యడం ఏమిటే, నా కడుపు మీద కొట్టడం కాకపోతే!" అని భార్య దగ్గర మొత్తుకునేవాడు షాపాయన.

"రాయకపోతే ఇంటికెళ్ళి పాతవి మింగుతూనే ఉంటారటండీ. పేరు మీద గీత కనిపిస్తే చెయ్యి ఆగుతుందట. ఆయనే చెప్పాడు."

"నువ్వసలు ఎవరి పక్షం?"

"నా మోకాళ్ళ పక్షం. నావీ రెండు కొట్టేశాడు. కాళ్ళ వాపు తగ్గి హాయిగా ఉంది."

ఇంట్లోనే ఇలా ఉంటే ఇంక బయట ఎవరితో చెప్పుకుంటాడు? షాపు ముందు రోడ్డు వైపు టానిక్ సీసాల దొంతరకు దుమ్ము పట్టేస్తోంది. షాపాయన రోజూ దాన్ని తుడుచుకుంటూ, పక్కనున్న ఆరోగ్య కేంద్రం గోడ వైపు చూసి పళ్ళు కొరుక్కుంటున్నాడు.

అలాంటి రోజుల్లో వాళ్ళ అక్క కూతురు దిగింది.

మేనకోడల్ని చిన్నప్పటినుంచీ ఆయన పిడుగు అనే పిలుస్తాడు. పేరుకు తగ్గ పిల్లే. మందుల చదువు చదివి, డాక్టర్లకు మార్కులేసే ఆఫీసులో ఉద్యోగం తెచ్చుకుంది. ఈ చుట్టుపక్కల ఆరోగ్య కేంద్రాలన్నీ చూసి రమ్మని పంపితే, తడిసిన బ్యాగు భుజాన వేసుకుని మామయ్య ఇంటికే వచ్చింది.

"డాక్టర్లకు మార్కులేమిటే? వాళ్ళేమన్నా ఆరో క్లాసా?" అన్నాడు షాపాయన, అన్నం ముందు కూర్చుని.

"రోగం తగ్గిందా లేదా అని కాదు మామయ్యా, మందు సరిగ్గా రాస్తున్నారా లేదా అని. మామూలు జలుబుకి యాంటీబయాటిక్ ఎంతమందికి రాశారు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకి నొప్పి బిళ్ళలు ఎంతమందికి, పెద్దవాళ్ళకి నిద్ర మాత్రలు ఎంతమందికి, ఒక్కో మనిషి నెత్తిన ఎన్ని మందులు రుద్దారు, ఇలాంటివి. ఆరోగ్య కేంద్రం గుమాస్తా చీటీ చూసి మందుల పేర్లు కంప్యూటర్లో ఎక్కిస్తాడు. అవి మాకొస్తాయి. మేం లెక్క కడతాం."

"ఎక్కువ రాస్తే ఎక్కువ మార్కులా?" అని ఆశగా అడిగాడు.

"నీ వ్యాపారబుద్ధి పోనిచ్చావు కాదు! తక్కువ." పిడుగు గొంతు తగ్గించింది. "అన్ని కేంద్రాల్లోకీ అట్టడుగున ఉన్నది ఎవరో తెలుసా? మీ పక్క డాక్టరే. నొప్పి బిళ్ళల్లో ఆయనే, నిద్ర మాత్రల్లో ఆయనే, మందుల సంఖ్యలో అయితే ఇంకెవరూ దరిదాపుల్లో లేరు."

షాపాయనకు పొలమారింది. భార్య నెత్తి మీద తట్టి నీళ్ళిచ్చింది.

"శనివారం నా రిపోర్టు వెళ్ళాలి. అదీ చెడ్డదే అయితే ఆయన్ని ఇక్కణ్ణుంచి లేపేసి ఎక్కడో ఫైళ్ళ గదిలో కూర్చోబెడతారు. మళ్ళీ చీటీ రాయనివ్వరు" అంది పిడుగు.

షాపాయన ఎనిమిదో క్లాసులో బడి మానేసిన మనిషే. కానీ చీటీలు చదివీ చదివీ కళ్ళజోడు మార్చుకున్న మనిషి. ఆయనకు విషయం ఒక్క గుటకలో అర్థమైపోయింది. గుమాస్తా పేర్లు ఎక్కిస్తున్నాడు, గీతలు ఎక్కించడం లేదు! అందరికంటే ఎక్కువ కొట్టేసేవాడు, లెక్కలో అందరికంటే ఎక్కువ రాసేవాడైపోయాడు.

చెబుదామా? ఎందుకు చెప్పాలి? తనేమన్నా అబద్ధమాడుతున్నాడా? నోరు మూసుకుని కూర్చుంటే చాలు, శనివారానికి పీడ విరగడైపోతుంది. షాపాయన ఆ పూట రెండోసారి పెరుగు వేయించుకున్నాడు.

"మీ మొహం ఎందుకలా వెలిగిపోతోంది?" అంది భార్య అనుమానంగా.

"లైటు కొత్తది" అన్నాడు.

మర్నాడు పొద్దున వాన. మేనకోడలికి గొడుగు పట్టే వంకతో షాపాయన కూడా వెళ్ళాడు. తమాషా చూడొద్దూ మరి!

పిడుగు చెప్పులు విదిలించుకుంటూ లోపలికెళ్ళి, టైపు చేసిన కాగితం బల్ల మీద పెట్టింది. డాక్టరు తలెత్తి చూశాడు. చూసినవాడు ఆ పెన్నును జుట్టు దగ్గరే మర్చిపోయాడు.

"డెబ్బై ఏళ్ళావిడకి పదకొండు మందులేమిటండీ?" అంది పిడుగు.

"సంచీ మామ్మగారి సంగతా? అదే కదా, ఘోరం కాదూ! పదకొండూ నేనే రాశాను. ఒక్కటీ వదల్లేదు" అన్నాడు డాక్టరు ఉత్సాహంగా.

"వదల్లేదా?"

"వదిలేస్తే ఆవిడకి ప్రమాదం కదండీ."

పిడుగు కాగితం మీద వేలు కిందికి జరిపింది. "మరి ఈ నిద్ర మాత్రలు? వీధిలో ఉన్న పెద్దవాళ్ళందరివీ మీ చీటీల మీదే ఉన్నాయి."

"ఎవరో ఒకరు ధైర్యం చేసి చీటీ మీద పెట్టాలి కదా. నాకు ముందున్నవాళ్ళు పెట్టలేదు. అది నా ఖర్మ."

"కిడ్నీ బాగోలేనివాళ్ళ నొప్పి బిళ్ళలూ మీ చేత్తోనే?"

"నా చేత్తోనే. సంతకంతో సహా." డాక్టరు మొహంలో ఉత్సాహం కొంచెం తగ్గింది. "మీరు మెచ్చుకోవడానికి రాలేదని ఇప్పుడిప్పుడే తెలుస్తోంది."

"మెచ్చుకోవడమా! మీరు డాక్టరా, మందుల కంపెనీ ఏజెంటా?"

"చూడండి మార్కులమ్మగారూ. నేను చేసే పనే సరైనది. మీ ఆఫీసుకు నచ్చకపోతే సున్నా వేసుకోండి. బయట మనుషులు తడుస్తున్నారు."

గోడ దగ్గర నిలబడ్డ షాపాయనకు ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది. వాడేమో కొట్టేసినందుకు తిడుతోందనుకుంటున్నాడు. ఇదేమో రాసినందుకు తిడుతోంది. ఇద్దరూ అన్నేళ్ళు చదివారు! ఒక్కరైనా "గీత" అనే మాట ఎత్తుతారా అంటే ఎత్తరు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చిన మాటను, టానిక్ సీసాల దొంతర గుర్తు తెచ్చుకుని, గుటకేశాడు.

ఆ వారమంతా వాన వదల్లేదు. పిడుగు పగలంతా మిగతా కేంద్రాలు తిరిగి, సాయంత్రానికి తడిసి ముద్దై వచ్చి, షాపులో లోపలి బల్ల దగ్గర కూర్చుని లెక్కలు చేసుకునేది. సరిగ్గా ఆ వేళకే డాక్టరుకు షాపులో పని తగిలేది.

మొదటి సాయంత్రం వచ్చి కౌంటరు మీద చేతులు పెట్టి నిలబడ్డాడు.

"ఏం కావాలండీ?" అన్నాడు షాపాయన ముభావంగా.

"దగ్గు మందు ఒకటివ్వండి."

షాపాయన తన చెవుల్ని తనే నమ్మలేదు. "దగ్గు మందు ఉత్త దండగని మీరే కదండీ ఊరంతా చెప్పుకొస్తున్నారు?"

"దండగే."

"మరి?"

డాక్టరు సీసా మీద కాగితాన్ని చదువుతున్నట్టు పట్టుకుని, సీసా పైనుంచి లోపలి బల్ల వైపు చూశాడు. లోపలి బల్ల దగ్గర తల ఇంకా కిందికి వంగింది. చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"పెద్దవాళ్ళకి నిద్ర మాత్రలు రాసేవాళ్ళకి దగ్గు మందు ఒక లెక్కా మామయ్యా?" అంది పిడుగు తలెత్తకుండానే. "ఇచ్చి పంపించు."

"మీకు జలుబు చేసినట్టుంది మార్కులమ్మగారూ. గొంతు మారింది."

"నా గొంతు సంగతి మీకెందుకు?"

"యాంటీబయాటిక్ మాత్రం అడక్కండి. నాకు మార్కులు పోతాయి."

"మీకు పోవడానికి మిగిలాయా ఏమిటి!"

రెండో సాయంత్రమూ దగ్గు మందే. మూడో సాయంత్రం వచ్చినప్పుడు షాపాయన భార్య తొంగిచూసి, "పాపం, దగ్గు బాగా ముదిరినట్టుంది. లోపలికొచ్చి కూర్చోండి బాబూ, టీ పెడతాను" అంది.

"ముదిరిందేమో గాని అది దగ్గు కాదు" అని గొణిగాడు షాపాయన. ఎవరూ వినిపించుకోలేదు.

టీ తాగుతూ వాళ్ళిద్దరూ పోట్లాడుకున్నారు. ఏ బిళ్ళ ఎంతకాలం వాడొచ్చు, బి.పి. మందు ఒకటి చాలా రెండు కావాలా అని. ప్రేమించుకునేవాళ్ళు పూల గురించి మాట్లాడుకుంటారని షాపాయన విన్నాడు. వీళ్ళు పేగుల్లో పుండ్ల గురించి మాట్లాడుకుంటూ మధ్యలో నవ్వుకుంటున్నారు! విచిత్రం ఏమిటంటే ప్రతి మాటలోనూ ఇద్దరికీ ఒకటే అభిప్రాయం. పిడుగు మాటిమాటికీ ఆగి, డాక్టరు మొహంలోకి వెతుక్కుంటున్నట్టు చూసేది. ఇంత తెలిసినవాడు అలా ఎలా రాస్తాడు అన్నట్టు.

శుక్రవారం సాయంత్రం ఆ పిల్ల లెక్కల ముందు కూర్చుని, ఒక్క అంకె కూడా ముట్టుకోలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వాన చూస్తోంది.

"ఏమైందే పిడుగూ?"

"రేపు పంపాలి మామయ్యా. ఎన్నిసార్లు కూడినా ఆయనే అట్టడుగు." ముక్కు ఎగబీల్చింది. "జలుబు" అంది వెంటనే.

షాపాయన అటు తిరిగి, సర్దిన సీసాలనే మళ్ళీ సర్దాడు. చిన్నప్పుడు ఈ పిల్ల ఇదే కౌంటరు మీద కూర్చుని కాళ్ళాడించుకుంటూ ఖాళీ డబ్బాలతో ఇళ్ళు కట్టేది. అప్పుడూ ఇంతే, ఇల్లు కూలితే జలుబు అనేది.

డాక్టరు వచ్చాడు. ఈసారి దగ్గు మందు అడగలేదు.

"రేపేనా?"

"రేపే." పిడుగు లేచి నిలబడింది. "మీరొక్క మాట చెప్పండి. ఇకమీదట అలా చెయ్యనని చెప్పండి. నేను రిపోర్టులో రాస్తాను, ఇంకో అవకాశం ఇప్పిస్తాను."

"అది మాత్రం చెప్పలేను. రేపు మళ్ళీ సంచీ తీసుకుని ఎవరొచ్చినా అదే చేస్తాను."

"ఎందుకంత మొండితనం? ఫైళ్ళ గదిలో పడేస్తారు మిమ్మల్ని!"

"పడెయ్యనివ్వండి. మీరు ఉన్నది ఉన్నట్టు రాయండి. మీ చేత అబద్ధం రాయించుకుని ఇక్కడుంటే, రేపు మీ మొహం ఎలా చూడను?" అన్నాడు. జేబులోంచి పెన్ను తీశాడు, ఎందుకు తీశాడో తెలియక మళ్ళీ పెట్టుకున్నాడు. గొడుగు కౌంటరుకు ఆనించి ఉండగానే వానలోకి దిగి వెళ్ళిపోయాడు.

పిడుగు కుర్చీలో కూలబడింది. ఈసారి జలుబని కూడా అనలేదు. షాపాయన భార్య వచ్చి ఆ పిల్ల తల నిమిరి, మొగుడి వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు ఆయనకు బాగా తెలుసు. నీ కడుపులో ఏదో ఉంది, కక్కు అని దానర్థం.

సరిగ్గా అప్పుడే సంచీ మామ్మ దిగింది. ఒకప్పుడు ఆవిడ సంచీ మోయడానికి మనవడు తోడొచ్చేవాడు. ఇప్పుడు ఖాళీ సంచీని నెత్తిమీద వానకు కప్పుకుని ఒక్కతే నడిచొచ్చింది.

"నాయనా, ఈ చీటీలో ఉన్నది ఒక్కటివ్వు."

షాపాయన చీటీ లాక్కుని చూశాడు. పదకొండు పేర్లు. పది గీతలు. వారం రోజులుగా మింగిన మాటలన్నీ ఒక్కసారి పైకి తన్నుకొచ్చాయి.

"ఒక్కటా! మళ్ళీ ఒక్కటేనా! ఆ పెద్ద డాక్టరుండగా ఈవిడ నా షాపులో సగం అరలు ఖాళీ చేసేది! ఈయనొచ్చి పదకొండు రాసి పది కొట్టిపారేశాడు! నిద్ర మాత్రలు కొట్టేశాడు, నొప్పి బిళ్ళలు కొట్టేశాడు, టానిక్కు మొహం చూసినవాడు లేడు! వీధి వీధంతా కొట్టేశాడు! నేనేమో ఈ మనిషి మందులు రాయడం లేదని ఏడుస్తుంటే, ఈ పిల్లేమో ఎక్కువ రాస్తున్నాడని ఏడుస్తోంది! ఏం ఖర్మే ఇది నాకు!"

పిడుగు కుర్చీలోంచి లేచింది.

"మామయ్యా" అంది పిడుగు నెమ్మదిగా. "ఇప్పుడేమన్నావు?"

"నేనా? నేనేమన్నాను? ఏమీ అనలేదే."

"అన్నాడమ్మా" అంది సంచీ మామ్మ. "కొట్టేశాడు అన్నాడు. అవును మరి, పది మందులు మాన్పించాడు ఆ అబ్బాయి. అవి మానేశాకే నా తలతిరుగుడు పోయింది. లేకపోతే ఈ వానలో నడిచొచ్చేదాన్నా?"

పిడుగు చీటీ అందుకుంది. వేలితో ఒక్కో గీతనూ తడిమింది. చీటీ చూసింది, తన టైపు కాగితం చూసింది. పేర్లన్నీ ఉన్నాయి. గీత ఒక్కటీ లేదు.

"మా కంప్యూటర్లో పేరుకు చోటుంది గాని గీతకు చోటు లేదు!" అని నెత్తి కొట్టుకుంది. "అందరికంటే మంచివాణ్ణి తీసుకెళ్ళి..."

మాట పూర్తి చెయ్యలేదు. చీటీ గుప్పిట్లో పట్టుకుని వానలోకి పరుగు తీసింది.

"గొడుగే! గొడుగు!" అంటూ షాపాయన డాక్టరు గొడుగు పట్టుకుని వెనకే పరిగెత్తాడు. ఆయన చేరేసరికి ఆరోగ్య కేంద్రం మెట్ల మీద ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి అరుచుకుంటున్నారు.

"కొట్టేశానని ఎందుకు చెప్పలేదు?"

"మీకు తెలుసనుకున్నాను! అన్నీ నా చీటీల మీదే ఉన్నాయని మీరే అన్నారుగా!"

"పేర్లొస్తాయి, గీతలు రావు! తెలిస్తే తిడతానా?"

"కొట్టేసినందుకే తిడుతున్నారనుకున్నాను!"

"మందులు మాన్పించినందుకు తిట్టేదాన్ననుకున్నారా? అంటే వారం రోజుల్నుంచీ నన్నొక బుర్రలేనిదానిలా చూశారన్నమాట!"

"అవును" అన్నాడు డాక్టరు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. గొంతు తగ్గిపోయింది. "అలా అనుకుని కూడా రోజూ దగ్గు మందు కొన్నాను."

పిడుగు ఏదో అనబోయింది. మాట రాలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్లకు మాట రాకపోవడం షాపాయన చూడటం అదే మొదలు. తనూ పక్కనే ఉన్నానని గుర్తు చెయ్యడానికి దగ్గాడు.

"నువ్వెళ్ళు మామయ్యా" అంది పిడుగు, కళ్ళు డాక్టరు మీదనుంచి తిప్పకుండా.

గొడుగు వాళ్ళ చేతిలో పెట్టి, తను తడుచుకుంటూ వెనక్కొచ్చాడు.

రిపోర్టు ఒక్కరోజు ఆలస్యంగా వెళ్ళింది. అందులో పిడుగు కొట్టివేతలకు కూడా లెక్క కట్టింది. రాసిన మందుకు మార్కులున్నప్పుడు మాన్పించిన మందుకు ఎందుకుండవని ఆఫీసు వాళ్ళతో ఫోన్లో గొంతు పోయేలా వాదించింది. చివరికి డాక్టరు కుర్చీ కదల్లేదు సరికదా, ఆయన పద్ధతే మిగతా కేంద్రాల వాళ్ళకూ నేర్పమన్నారు. షాపాయన నెత్తి మీద పిడుగు పడింది. ఇప్పుడు చుట్టుపక్కల మందుల షాపుల వాళ్ళంతా ఫోన్లు చేసి, "మీ మేనకోడలటగా?" అని అడుగుతున్నారు.

వాన తెరిపిచ్చిన రోజున డాక్టరు ఇస్త్రీ చొక్కా వేసుకుని షాపుకొచ్చాడు. చేతిలో సంచీ. బోర్లిస్తే అన్నీ దగ్గు మందు సీసాలే. ఒక్కదానికీ మూత తియ్యలేదు.

"ఇవి వాపసు తీసుకుంటారా?" అన్నాడు.

"ఈ షాపులోంచి బయటికెళ్ళింది ఏదీ వాపసు తీసుకోం."

"మంచిది. ఎందుకంటే నేనింకో మాట అడుగుదామని వచ్చాను. మీ మేనకోడలు ఒప్పుకుంది. వాళ్ళమ్మగారు మా తమ్ముడి మాటే నా మాట అన్నారు. మీరు..."

షాపాయన ఆ సీసాలను ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. ఈ మనిషి మీద కోపం ఉంది. ఇంకో పదేళ్ళకు సరిపడా ఉంది. కానీ లోపల తలుపు సందులోంచి ఒక జత కళ్ళు కనిపిస్తున్నాయి, ఎర్రటి చెవులు కనిపిస్తున్నాయి.

"నా షాపులో నేనమ్మేది దేనికైనా మీరు ఇన్నాళ్ళూ ఒప్పుకున్నారా, ఇప్పుడు నేను ఒప్పుకోవడానికి?" అన్నాడు. భార్య వెనకనుంచి భుజం మీద పొడిచింది. "సరే. ఒప్పుకున్నాను. కానీ ముందే చెప్తున్నా. ఇది పిడుగు. తర్వాత తెచ్చిస్తానంటే కుదరదు. వాపసు తీసుకోనని ఇందాకే అన్నాను."

"నేనేమన్నా దగ్గు మందునా మామయ్యా?" అంటూ పిడుగు బయటికొచ్చేసింది. "నాకూ ఒక షరతుంది."

"నీకేమిటే షరతు?"

"పక్కన గది ఇరుకు. సంచీలు పట్టుకుని ముసలివాళ్ళు వానలో నిలబడుతున్నారు. వాళ్ళు నీడన కూర్చుని సంచీలు విప్పుకోవడానికి ఒక బెంచీ, ఒక బల్ల పడే చోటు కావాలి. నీ షాపు ముందుంది కదా, టానిక్ సీసాలు పేర్చిన చోటు."

షాపాయన భార్య వైపు చూశాడు. ఆవిడ అప్పటికే దొంతరలో పై సీసా తీసి దుమ్ము తుడుస్తోంది. డాక్టరు వంగి కింది వరస అందుకున్నాడు. అడిగే దిక్కు లేదు.

నాన్న కట్టిన షాపు. ఇన్నేళ్ళలో గజం వదులుకున్న పాపాన పోలేదు. మేనకోడలి పెళ్ళి పేరు చెప్పి ఆయనకు పోయింది నాలుగడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవు, వెరసి ముప్పై ఆరు చదరపు అడుగులు. అదీ రోడ్డు వైపు.